మిగిలిన పండ్లు, కూరగాయలతో కేకు: అపోహలు – వాస్తవాలు

శ్రావణ మాసం వస్తే మన ఇళ్లలో అరటిపండ్లకు లెక్కుండదు. వాయినాల్లో వచ్చినవి, పూజలో పెట్టినవి, చుట్టాలు తెచ్చినవి అన్నీ కలిసి రెండు మూడు రోజుల్లో ఒక్కసారే మగ్గిపోతాయి. వినాయక చవితికి, దసరాకి యాపిల్, బత్తాయి, జామ, కొబ్బరి చిప్పలు తోడవుతాయి. పండగలు లేని వారాల్లో కూడా ఫ్రిజ్ అడుగు అరలో వడలిన క్యారెట్లో, సగం కోసిన సొరకాయో ఉండనే ఉంటుంది. నేను ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతాను, నేర్పిస్తాను. "ఇవి పారేయకుండా కేకులో వేసేయొచ్చా అండీ?" అని అడగని వాళ్లు తక్కువ. నిక్షేపంగా వేయొచ్చు. అయితే దీని చుట్టూ తిరుగుతున్న మాటల్లో కొన్ని కేకును చెడగొడతాయి, కొన్ని ఒంటిని చెడగొడతాయి. ఒంటి సంగతి ముందు చెప్తాను.

అపోహ: ఓవెన్ వేడికి ఎలాంటి చెడైనా చచ్చిపోతుంది.

ఓవెన్ 180 డిగ్రీల్లో ఉన్నా కేకు లోపలి భాగం 100 డిగ్రీలు దాటదు. లోపల తడి ఉన్నంతసేపూ దాటలేదు. ఉడికిందని దించే సమయానికి నడిమధ్య వేడి 95 నుంచి 98 డిగ్రీల మధ్య ఉంటుంది. ఆ వేడికి చాలా సూక్ష్మజీవులు చస్తాయి, నిజమే. కానీ అవి అప్పటికే వదిలిన విషాలన్నీ పోవు. కుళ్లిన యాపిల్‌లో పెరిగే ఒక రకం బూజు ప్యాట్యులిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. మామూలు వంట వేడికి అది పూర్తిగా విరగదు.

పైగా మనకు కనిపించే బూజు కొంతే. మామిడి, బొప్పాయి, టమాటా, ద్రాక్ష లాంటి మెత్తటి వాటిలో దాని పోగులు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటాయి. పైపైన గీకేసి మిగతాది గిన్నెలో వేయడం మంచిది కాదు, మొత్తం పారేయాల్సిందే. క్యారెట్ లాంటి గట్టి దుంపకు ఒక మూల బూజు పడితే మాత్రం దాని చుట్టూ, కిందా కనీసం అంగుళం మందాన కోసి తీసేసి మిగతాది వాడుకోవచ్చు. కోసేటప్పుడు కత్తి బూజుకు తగలకూడదు.

సొరకాయ, బీరకాయ, దోసకాయ, గుమ్మడికాయ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. తురిమే ముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయంతా పారేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలది. ఉడికించినా పోదు. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. కూరలో అయితే మొదటి ముద్దకే చేదు తెలిసిపోతుంది. కేకులో చక్కెర, యాలకులు, కోకో కలిసి దాన్ని కప్పేస్తాయి. అందుకే కేకుకు వాడే సొరకాయను రుచి చూడకుండా తురమొద్దని మా క్లాసులో మొదటి రోజే చెప్తాను. పచ్చబడిన, మొలకలొచ్చిన బంగాళదుంపలదీ ఇదే దారి. వాటిలోని సోలనిన్ కూడా వేడికి పోయేది కాదు.

వడలడం వేరు, మగ్గడం వేరు, కుళ్లడం వేరు. వడలిన క్యారెట్‌లో నీళ్లు తగ్గాయి, అంతే. మగ్గిన పండులో తీపి పెరిగింది. ఈ రెండూ కేకుకు మేలైనవే. కుళ్లినదానికి వంటింట్లో చోటే లేదు.

అపోహ: తొక్క నల్లబడిన అరటిపండు పాడైపోయినట్టే.

కేకుకు కావలసిన పండే అది. పచ్చి కాయలో పిండిపదార్థం ఎక్కువ. మగ్గేకొద్దీ అది చక్కెరగా మారిపోతుంది, వాసనా చిక్కబడుతుంది. తొక్క నల్లగా ఉన్నా లోపల గుజ్జు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, తియ్యటి వాసన వస్తుంటే నిస్సందేహంగా వాడండి. కల్లు వాసనో పులుపు వాసనో వస్తున్నా, తొక్క చిట్లి నీరు కారుతున్నా, తొడిమ దగ్గర బూజు కనిపించినా వద్దు.

మనవాళ్లకు ఎక్కువగా తేడా కొట్టేది పండు సైజు దగ్గర. విదేశీ వంటకాల్లో "మూడు అరటిపండ్లు" అని ఉంటుంది. వాళ్ల పండు పెద్దది, తొక్క తీస్తే ఒక్కోటి 110 నుంచి 120 గ్రాములు తూగుతుంది. మన కర్పూర చక్కెరకేళి అందులో సగం కూడా ఉండకపోవచ్చు. మూడు చిన్న పండ్లు వేసి "కేకు ఎండిపోయిందండీ" అంటారు. పండ్లను లెక్కపెట్టకండి, గుజ్జును తూచండి. 200 గ్రాముల మైదాకు 250 నుంచి 280 గ్రాముల గుజ్జు సరిపోతుంది. చక్కెరకేళి, అమృతపాణి, పెద్ద పచ్చ అరటి ఏదైనా పర్వాలేదు. వాసనకు నా ఓటు అమృతపాణికే.

గుజ్జును మిక్సీలో తిప్పొద్దు, ఫోర్కుతో మెదపండి. మైదా కలిపాక గరిటెతో ఎక్కువసేపు కలిపినా కేకు రబ్బరులా సాగుతుంది. పొడి పిండి కనిపించకుండా పోయిన క్షణంలో ఆపేయాలి.

అపోహ: ఎంత మిగిలితే అంత వేసేయొచ్చు, ఎంత వేస్తే అంత మెత్తన.

నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ నమ్మకం వల్లే. పైన బాగా పొంగుతుంది, రంగు వస్తుంది, కోస్తే అడుగున జున్నులా జిగురు పొర. ఉడకలేదనుకుని మళ్లీ ఓవెన్‌లో పెడతారు. పైన మాడుతుంది, కింద అలాగే ఉంటుంది. అది ఉడకకపోవడం కాదు, నీళ్లు ఎక్కువవడం.

అరటిపండులో సుమారు 75 శాతం నీళ్లే. మామిడిలో 83, యాపిల్‌లో 85, క్యారెట్‌లో 88, గుమ్మడిలో 90 పైన, సొరకాయలో 95 దాకా. అంటే 200 గ్రాముల సొరకాయ తురుము వేశారంటే దాదాపు కప్పు నీళ్లు పోసినట్టే. దానికి తోడు వంటకంలో రాసిన పాలు కూడా పోస్తే పిండి తట్టుకోలేదు. అందుకే గుజ్జు వేసే కేకులో ముందు పాలు తీసేయండి. అవసరమైతే చివర్లో చెంచా చెంచాగా కలుపుకోవచ్చు.

ఏ కాయకు ఆ పద్ధతి ఉంది. సొరకాయ, కీర దోస తురిమి, చిటికెడు ఉప్పు వేసి 10 నిమిషాలు వదిలేసి గట్టిగా పిండండి (ఆ నీళ్లను చపాతీ పిండిలో కలుపుకోండి). క్యారెట్ నీటిని పట్టి ఉంచుకుంటుంది, పిండక్కర్లేదు. సన్నగా తురిమితే చాలు, లావు తురుము కేకులో పుల్లల్లా తగులుతుంది. గుమ్మడికాయను నీళ్లలో ఉడకబెట్టకుండా ఆవిరి మీద మగ్గించి, గుజ్జును పలచటి గుడ్డలో మూటకట్టి వేలాడదీయాలి. మామిడి గుజ్జును, ముఖ్యంగా రసాల గుజ్జును, మందపాటి గిన్నెలో సన్న మంట మీద మూడో వంతు తగ్గేదాకా తిప్పితే రంగూ రుచీ రెండూ నిలబడతాయి. తురుమైనా గుజ్జైనా, తయారయ్యాక తూచి, మైదా బరువును మించనివ్వకండి. కాస్త ఎక్కువ తట్టుకునేది అరటిపండు ఒక్కటే.

పుచ్చకాయ ఎర్ర భాగం కేకుకు పనికిరాదు. కానీ మనం పారేసే తెల్ల భాగం పనికొస్తుంది. పచ్చ చెక్కు తీసేసి చిన్న ముక్కలు కోసి, అద్దంలా అయ్యేదాకా ఉడికించి, సమాన బరువు చక్కెరతో పాకంలో మగ్గించి, ఆరబెడితే ఇంటి టూటీ ఫ్రూటీ తయారు. బజారులో దొరికే టూటీ ఫ్రూటీ చాలావరకు పచ్చి బొప్పాయితో ఇలా చేసేదే.

అపోహ: పండు ముక్కలకు మైదా అద్దితే అడుగుకు దిగవు.

పల్చటి పిండిలో ఏం అద్దినా దిగుతాయి. పిండి గట్టిగా ఉండాలి, ముక్కలు శనగగింజంత చిన్నవిగా ఉండాలి. సగం ముక్కలు పిండిలో కలిపి, మిగతా సగం పైన చల్లండి.

అపోహ: క్యారెట్ కేకు పెడితే పిల్లలకు కూర తినిపించినట్టే.

ఒక మామూలు క్యారెట్ కేకు లెక్క వేసి చూద్దాం. 200 గ్రాముల క్యారెట్, 200 గ్రాముల చక్కెర, పది ముక్కలు. ఒక్కో ముక్కలో 20 గ్రాముల క్యారెట్, అంటే రెండు మూడు చెంచాల తురుము. దాంతోపాటు 20 గ్రాముల చక్కెర, అంటే ఐదు టీ చెంచాలు. అదనంగా వేసుకునే చక్కెర పెద్దవాళ్లకు కూడా రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక్క ముక్కతో అందులో చాలా భాగం అయిపోయింది. చక్కెర బదులు బెల్లం వేసినా ఈ లెక్క పెద్దగా మారదు. బెల్లం రుచి నాకు ఎంతో ఇష్టం, కానీ అది ఆరోగ్యం పేరు చెప్పి రెండో ముక్క తినడానికి అనుమతి కాదు.

క్యారెట్‌ను తీపికోసం వాడటం మాత్రం పాత పద్ధతే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో చక్కెరకు రేషన్ ఉన్నప్పుడు అక్కడి ఆహార మంత్రిత్వ శాఖ క్యారెట్లు వాడమని గట్టిగా ప్రచారం చేసింది. వాళ్లు చక్కెర తగ్గించి క్యారెట్ పెంచారు. మనం రెండూ పెంచుతున్నాం. బాగా మగ్గిన అరటిపండో చిలగడదుంపో ఉంటే వంటకంలో రాసిన చక్కెరలో నాలుగో వంతు ధైర్యంగా తగ్గించండి. అంతకన్నా తగ్గిస్తే తీపితో పాటు మెత్తదనం కూడా పోతుంది. కేకులో తడిని పట్టి ఉంచేది చక్కెరే.

అపోహ: బీట్‌రూట్ వేస్తే కేకు ఎర్రగా వస్తుంది.

కలిపిన పిండి చూస్తే కళ్లు చెదిరే రంగు. ఓవెన్‌లోంచి తీశాక గోధుమ రంగు. బీట్‌రూట్ రంగు వేడికి తగ్గుతుంది, వంట సోడాకు ఇంకా తొందరగా చెడుతుంది. పుల్లటి వాటితో కలిస్తే కాస్త నిలబడుతుంది. కాబట్టి సోడా మానేసి బేకింగ్ పౌడర్, పెరుగు, కొంచెం నిమ్మరసం వాడండి. అయినా ఫొటోల్లో చూసే ఎరుపు రాదు. నన్నడిగితే బీట్‌రూట్‌ను కోకోతో కలపడమే న్యాయం. మట్టి వాసన అణుగుతుంది, కేకు నల్లగా తడితడిగా వస్తుంది. క్యారెట్ కేకులో అక్కడక్కడా పచ్చ మచ్చలు కనిపిస్తే కంగారు పడకండి. సోడా ఎక్కువైనా, సరిగ్గా కలవకపోయినా అలా మారుతుంది. హాని లేదు.

అపోహ: ఏ పండైనా పచ్చిగానే కలిపేయొచ్చు.

బొప్పాయిలో పపైన్, అనాసలో బ్రోమిలైన్ అనే ఎంజైములున్నాయి. మాంసకృత్తులను విరగ్గొట్టడం వాటి పని. పచ్చి బొప్పాయి గుజ్జును పాలతోనో పెరుగుతోనో కలిపి కాసేపు ఉంచితే చేదెక్కేది అందుకే. ఈ రెండింటినీ ముందే ఐదు నిమిషాలు బాగా ఉడకనిచ్చి చల్లార్చి కలపండి. యాపిల్, జామ, సపోటాలకు ఈ బెడద లేదు. జామ గింజలు మాత్రం జల్లెడ పట్టండి.

అపోహ: అరటిపండు వేస్తే గుడ్డు లోటు తెలియదు.

గుడ్డు ముట్టని ఇళ్లలో, నైవేద్యం పండ్లతో చేసే కేకుల్లో ఈ ప్రశ్న తప్పదు. ఒక గుడ్డుకు బదులు సుమారు 60 గ్రాముల గుజ్జు వేస్తే తడి, పట్టు దొరుకుతాయి. కానీ గుడ్డు వేడికి గట్టిపడి కేకుకు గోడలు కడుతుంది, అరటిపండు ఆ పని చేయలేదు. అందుకే గుడ్డు లేని అరటి కేకు పెద్ద టిన్నులో నడిమధ్య కుంగుతుంది. పెరుగు, సోడా జతచేసి, చిన్న కప్పుల్లోనో పొడవాటి రొట్టె టిన్నులోనో చేస్తే చక్కగా నిలబడుతుంది. ఓవెన్ లేకపోతే కుక్కర్ చాలు. విజిల్, గాస్కెట్ తీసేసి, అడుగున ఉప్పు పరిచి, స్టాండ్ మీద టిన్ను పెట్టి సన్న మంట మీద 45 నిమిషాలు.

అపోహ: కేకు కదా, వారం నిల్వ ఉంటుంది.

క్రిస్మస్ ప్లమ్ కేకు నెలలు నిలుస్తుంది. అందులో ఎండు పండ్లు, బోలెడు చక్కెర, చాలాసార్లు మద్యం కూడా ఉంటాయి. బూజు వాడుకోగలిగిన నీరు అందులో చాలా తక్కువ. తాజా గుజ్జు కేకు అలాంటిది కాదు. విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఊళ్లలో ఒక్క రోజు బయట ఉంచి, తర్వాత ఫ్రిజ్‌లో మూడు రోజుల్లో తినేయాలి. పూర్తిగా చల్లారక ముందు డబ్బాలో మూత పెట్టొద్దు, మూతకు పట్టిన చెమటే బూజుకు మొదటి మెట్టు. ఫ్రిజ్‌లో పెట్టే కేకుకు వెన్న కంటే నూనె మేలు. వెన్న చల్లదనానికి గట్టిపడి కేకును బిరుసు చేస్తుంది.

అపోహ: మిగిలినవాటితో కేకు చేస్తే డబ్బు ఆదా.

రెండు అరటిపండ్లు కాపాడటానికి వెన్న, గుడ్లు, మైదా, వాల్‌నట్లు కొనుక్కొచ్చి, ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) సుమారు ఒక యూనిట్ కరెంటు కాల్చితే ఆదా ఎక్కడ? నేను చెప్పేది ఒక్కటే: పండు మగ్గిన రోజునే కేకు చేయనక్కర్లేదు. తొక్క తీసి, డబ్బాలో పెట్టి, తేదీ, బరువు రాసి డీప్ ఫ్రీజర్‌లో వేయండి. రెండు మూడు నెలలు ఉంటాయి. గుజ్జు 280 గ్రాములకు చేరినప్పుడు ఒకేసారి కేకు చేయండి. కరిగాక పండు నల్లగా, నీరు వదిలి, చూడ్డానికి బాగుండదు, కానీ రుచి అందులోనే ఉంది. ఆ నీటిని పారేయొద్దు, చిన్న మంట మీద సగానికి మరిగించి గుజ్జులో కలపండి. ఫ్రీజర్ లేనివాళ్లు, ఒక్క పండే మిగిలినవాళ్లు కేకు జోలికి పోకుండా గోధుమపిండి, బెల్లం, యాలకులు కలిపి అప్పాలు వేసుకోండి. పది నిమిషాల పని.