బీపీకి టెన్షన్ ఒక్కటే కారణమా?

చెన్నైలో ఏ పెద్దాసుపత్రి వరండాలో పొద్దున పూట నిలబడినా తెలుగు మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. నెల్లూరు, సూళ్లూరుపేట, చిత్తూరు నుంచి చీకటితోనే రైలెక్కి వచ్చినవాళ్లు, పెరంబూరు, వ్యాసర్‌పాడిలో తరాలుగా ఉంటున్న మనవాళ్లు, ఒళ్లో ఫైళ్లు పెట్టుకుని కూర్చుని ఉంటారు. బీపీ ఎందుకొచ్చిందని ఎవరినడిగినా ఒకటే జవాబు. "టెన్షన్ అండీ. అమ్మాయి పెళ్లి, అబ్బాయి ఉద్యోగం, ఇంటి లోను."

అందులో అబద్ధమేమీ లేదు. కంగారు పడగానే కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పుంజుకుంటుంది, చర్మానికీ పేగులకూ వెళ్లే సన్న నాళాలు బిగుస్తాయి, బీపీ ఎక్కుతుంది. కానీ రక్తంలో అడ్రినలిన్ ఆయుష్షు కొద్ది నిమిషాలే. మెట్లెక్కి ఆయాసంతో వచ్చినవాళ్లకు వెంటనే చేతికి పట్టీ చుట్టి చూస్తే 160 ఉన్నది, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెడితే 140 లోపుకి దిగడం మామూలే. చిక్కేమిటంటే, నిజంగా బీపీ ఉన్నవాళ్లకు గాఢనిద్రలో కూడా అది పూర్తిగా దారికి రాదు. అమ్మాయి పెళ్లయిపోయినా, లోను తీరిపోయినా తగ్గదు. టెన్షన్‌కు కొంత వాటా ఉంటే ఉండొచ్చు. కానీ రాత్రీ పగలూ నాళాలను బిగించి పట్టుకున్నవాళ్లు వేరే ఉన్నారు.

ముందు కొంచెం లెక్క. గొట్టం లోపలి వ్యాసార్ధం 10 శాతం తగ్గితే ప్రవాహానికి అడ్డు 10 శాతమే పెరుగుతుందనుకుంటాం. 19వ శతాబ్దంలో ప్వాజె అనే ఫ్రెంచి వైద్యుడు సన్న గాజు గొట్టాలతో కొలిచి చూస్తే సంగతి వేరుగా తేలింది. అడ్డు వ్యాసార్ధపు నాలుగో ఘాతంతో మారుతుంది. అంటే 10 శాతం సన్నబడితే అడ్డు 50 శాతం దాటి పెరుగుతుంది. 20 శాతం సన్నబడితే దాదాపు రెండున్నర రెట్లవుతుంది. యాంజియోగ్రామ్‌లో కనిపించే పెద్ద నాళాలు కాదు ఇక్కడ ముఖ్యం. తలవెంట్రుక మందాన, అంతకన్నా సన్నగా ఉండే చిరుధమనుల చుట్టూ కండర కణాలు పట్టీలా ఉంటాయి. అవి రవ్వంత ముడుచుకుంటే చాలు, గుండె మీద భారం పడుతుంది. వాటిని ముడుచుకోమని చెప్పేది ఎవరన్నదే వందేళ్లకు పైగా సాగుతున్న పరిశోధన.

తొలి జాడ కిడ్నీలో దొరికింది. 1898లో స్టాక్‌హోమ్‌లో రాబర్ట్ టైగర్‌స్టెట్, ఆయన శిష్యుడు బెర్గ్‌మన్ కుందేలు కిడ్నీని నూరి, ఆ రసాన్ని వేరే కుందేళ్లకు ఎక్కించారు. వాటి బీపీ పెరిగింది. అందులోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత దాన్ని పట్టించుకున్నవాళ్లే దాదాపు లేరు. 1934లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో హ్యారీ గోల్డ్‌బ్లాట్ ఆ కథను మళ్లీ తెరిచాడు. ఆయన శవపరీక్షలు చేసే పాథాలజిస్టు. బీపీతో పోయినవాళ్ల కిడ్నీ నాళాలు సన్నబడి ఉండటం చాలాసార్లు చూశాడు. బీపీ వల్లే నాళాలు చెడతాయని అప్పట్లో అందరూ అనుకునేవారు. తిరగేసి చూస్తే ఏమవుతుందని ఆయనకు తోచింది. కుక్కల కిడ్నీ ధమనికి చిన్న వెండి బిగింపు పెట్టి రక్తాన్ని కొంత ఆపాడు. ఆపరేషన్ అంతే. కుక్కల బీపీ పెరిగింది, పెరిగి అలాగే నిలబడింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో గొలుసు మొత్తం బయటపడింది. తనకు రక్తం తక్కువగా అందుతోందని కిడ్నీకి అనిపిస్తే రెనిన్ వదులుతుంది. లివర్ తయారుచేసే ఒక ప్రొటీన్‌ను రెనిన్ కత్తిరిస్తుంది. ఆ ముక్కను ముఖ్యంగా ఊపిరితిత్తుల నాళాల్లో ఉండే ఏస్ అనే ఎంజైమ్ మరికాస్త కత్తిరిస్తే యాంజియోటెన్సిన్-2 తయారవుతుంది. ఇది చిరుధమనులను బిగిస్తుంది, దాహం పుట్టిస్తుంది, అల్డోస్టిరోన్ అనే ఇంకో హార్మోన్‌ను వదలమని అడ్రినల్ గ్రంథిని పురమాయిస్తుంది. అల్డోస్టిరోన్ కిడ్నీ చేత ఉప్పునూ, దాంతోపాటు నీటినీ ఒంట్లోనే ఆపిస్తుంది.

ఇంత తతంగం ఒంట్లో ఎందుకుందంటే, ఉప్పు దొరకడమే గగనమైన కాలంలో, గాయమై రక్తం పోయినప్పుడో విరేచనాలు పట్టుకున్నప్పుడో ప్రాణం నిలిపింది ఇదే. 2019 ఎండాకాలంలో చెన్నైలో నీటి కటకట చూసినవాళ్లు ఇప్పటికీ కొళాయి వస్తే చాలు, ఇంట్లో ఉన్న బిందెలన్నీ నింపుకుంటారు. ఒంటి తీరూ అదే. ఉప్పు సమృద్ధిగా దొరికే రోజులొచ్చాయన్న కబురు దానికింకా అందలేదు.

ఈ గొలుసును తెంచే మొదటి మందుకు దారి చూపింది పాము విషం. బ్రెజిల్ అడవుల్లోని జరరాకా అనే రక్తపింజరి జాతి పాము కాటు వేస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. సెర్జియో ఫెరైరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త 1960లలో ఆ విషంలోని పదార్థాన్ని లండన్‌లో జాన్ వేన్ ప్రయోగశాలకు తీసుకెళ్లాడు. అది ఏస్ ఎంజైమ్‌ను ఆపుతుందని తేలింది. దాని ఆధారంగా స్క్విబ్ కంపెనీలో ఒండెట్టి, కుష్‌మన్ కలిసి తయారుచేసిన క్యాప్టోప్రిల్‌కు 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తర్వాతివే.

వరండాలో వినిపించే ఒక ఫిర్యాదుకు జవాబు కూడా ఇక్కడే ఉంది. "మాత్ర మొదలుపెట్టాక పొడిదగ్గు అండీ, గొంతులో గరగర, సిరప్ ఎంత తాగినా పోదు" అంటారు. ఏస్‌కు రెండో పని ఉంది. నాళాలను వదులు చేసే బ్రాడికైనిన్‌ను అది విరగ్గొడుతుంది. మాత్రతో ఏస్‌ను ఆపితే బ్రాడికైనిన్ పోగుపడి కొందరికి దగ్గు తెప్పిస్తుంది. డాక్టరు ఆ మాత్ర మార్చి టెల్మిసార్టానో లొసార్టానో రాసేది అందుకే. ఇవి ఏస్ జోలికి వెళ్లవు, యాంజియోటెన్సిన్-2 నాళం గోడ మీద వాలే చోటును మూసేస్తాయి. అమ్లోడిపిన్ వేసుకునేవాళ్లకు సాయంత్రానికి చీలమండలు వాచి, మేజోడు అచ్చు పడటం ఇంకో సంగతి. ఆ మాత్ర చిరుధమనులను తెరుస్తుంది గానీ అవతలి సిరలను అంతగా తెరవదు, నీరు మధ్యలో కణజాలంలోకి దిగుతుంది. దాంతో కలిపి టెల్మిసార్టాన్ ఇస్తే సిరలూ కాస్త వదులై వాపు తగ్గుతుంది. ఒకే మాత్రలో రెండు మందులు కలిపి రాయడం ఖర్చు పెంచడానికేనని అనుకునేవాళ్లు ఇది గమనించాలి.

ఇంతవరకూ నాళాన్ని ఎవరో చెప్పినట్టల్లా ఆడే గొట్టంగానే చూశాం. 1980లో ఆ అభిప్రాయం తలకిందులైంది. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు మహాధమని ముక్కల మీద ప్రయోగాలు చేస్తుండేవాడు. నరాలు సంకేతాలకు వాడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేస్తే అవి ఒక్కోసారి బిగిసేవి, ఒక్కోసారి వదులయ్యేవి. ముక్కను సిద్ధం చేసేటప్పుడు లోపలి పొర రాపిడికి ఊడిపోయిందా, మిగిలిందా అన్నదే తేడా అని చివరికి తేలింది. ఒకే ఒక్క కణం మందాన ఉండే ఆ పొర కండరానికి వదులవ్వమని సంకేతం పంపుతోంది. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు నోబెల్ వచ్చింది దీనికే. 1988లో జపాన్‌లోని సుకుబాలో అదే పొర నుంచి దీనికి విరుగుడు లాంటి ఎండోథెలిన్ దొరికింది, నాళాలను అతి గట్టిగా బిగించే పదార్థాల్లో అదొకటి. దాన్ని అడ్డుకుని బీపీ తగ్గించే మాత్ర అప్రోసిటెంటాన్‌కు అమెరికాలో అనుమతి రావడానికి 2024 దాకా పట్టింది. షుగరు, పొగతాగడం ఆ లోపలి పొరను దెబ్బతీస్తాయి. యాంజియోటెన్సిన్-2 కూడా తక్కువది కాదు. కండరాన్ని బిగించడమే కాక నైట్రిక్ ఆక్సైడ్‌ను నాశనం చేసే రసాయనాలనూ పుట్టిస్తుంది.

ఆడవాళ్లకు నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజన్ ఆ పొర చేత నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా చేయిస్తుంది. ఆగాక ఆ అండ పోతుంది. అప్పటిదాకా 110 దాటని బీపీ యాభై ఐదేళ్లకు ఎక్కితే "ఇంటి గొడవల వల్లే" అని తోసెయ్యకూడదు.

నా లెక్కలో మనం బాగా వెనకబడింది అల్డోస్టిరోన్ విషయంలో. 1954లో అమెరికాలోని మిషిగన్‌లో జెరోమ్ కాన్ దగ్గరికి 34 ఏళ్ల మహిళ ఒకరు వచ్చారు. కండరాలు పట్టేయడం, నీరసం, బీపీ, రక్తంలో పొటాషియం బాగా తక్కువ. అడ్రినల్ గ్రంథి నుంచి ఒక గడ్డ తీసేస్తే ఇవన్నీ సర్దుకున్నాయి. రెనిన్ అడగకపోయినా గ్రంథి తనంతట తానే అల్డోస్టిరోన్ కుమ్మరిస్తోందన్నమాట. ఇది అరుదైన జబ్బని చాలాకాలం పుస్తకాల్లో రాసుకున్నారు. వెతకడం మొదలుపెట్టాక బీపీ ఉన్నవాళ్లలో 5 నుంచి 10 శాతానికి, మూడు మందులకూ లొంగనివాళ్లలో ఐదింట ఒకరికి ఇదే మూలమని తెలిసింది. గడ్డ లేకుండా రెండు గ్రంథులూ కలిసి ఎక్కువ వదలడమూ ఉంటుంది. బీపీ ఒకే అంకె ఉన్న ఇద్దరిలో అల్డోస్టిరోన్ ఎక్కువున్నవాళ్ల గుండే కిడ్నీలే ముందు చెడతాయి, ఎందుకంటే అది నాళం గోడలో పీచు పెంచి గట్టిపరుస్తుంది.

పరీక్ష కష్టమేం కాదు. ఒక్కసారి రక్తం తీసి అల్డోస్టిరోన్, రెనిన్ రెండూ కొలిచి నిష్పత్తి చూస్తారు. అల్డోస్టిరోన్‌ను అడ్డుకునే మందు కూడా పాతదే, స్పైరోనోలాక్టోన్. మూడు మందులకు లొంగని బీపీకి నాలుగోదిగా అదే మేలని 2015లో బ్రిటన్‌లో చేసిన పాత్‌వే-2 పరిశోధన చూపించింది. మగవాళ్లలో కొందరికి రొమ్ము వాపు రావచ్చు, పొటాషియం చూసుకుంటూ ఉండాలి. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2025లో బీపీ ఉన్న ప్రతివాళ్లకూ ఈ పరీక్ష చేయమని సూచించింది. మన దగ్గర ముప్పై ఏళ్లవాళ్లకు బీపీ వచ్చినా టెన్షన్ తగ్గించుకోమని చెప్పి పంపడం ఇంకా చూస్తూనే ఉన్నాం.

దేశంలో పరిస్థితి తెలిపే అంకెలు కూడా చెన్నై నుంచే వచ్చాయి. మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి చేసిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. లక్షా 13 వేల మందిని పరీక్షిస్తే 35.5 శాతానికి బీపీ ఉంది. నాళం ఎంత గట్టిపడిందో మెడ దగ్గర అల్ట్రాసౌండ్‌తో కొలిచే ఆర్ట్‌సెన్స్ అనే పరికరం ఐఐటీ మద్రాసులో తయారైంది. అన్నిటికన్నా నాకు నచ్చేది చెన్నైలోని కిడ్నీ హెల్ప్ ట్రస్ట్ చేసిన పని. డాక్టర్ ఎం.కె. మణి ఆధ్వర్యంలో దగ్గరి పల్లెల్లో బీపీకి రిసర్పిన్ లాంటి అతి చవక మందులే వాడారు. అది సర్పగంధ వేరులోది. బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ 1949లో ఆ వేరు గురించి రాసిన వ్యాసంతోనే ప్రపంచం దాని వైపు చూసింది. నరాల చివర్లలో నిల్వ ఉండి నాళాలను బిగించే నార్అడ్రినలిన్‌ను రిసర్పిన్ ఖాళీ చేస్తుంది.

ఇక ఉప్పు. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడం, ఎండుచేపలు మన కంచంలోంచి పోవు, పొమ్మనడం దండగ. ఇందుప్పు (సైంధవ లవణం) వాడితే ఏమీ కాదన్నది మాత్రం భ్రమ, అదీ దాదాపు సోడియం క్లోరైడే. మామూలు ఉప్పులో పాతిక శాతం పొటాషియం క్లోరైడ్ కలిపి చైనాలో 600 పల్లెల్లో పరీక్షిస్తే పక్షవాతం 14 శాతం తగ్గిందని 2021లో తేలింది. అయితే కిడ్నీ జబ్బున్నవాళ్లు, టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వేసుకునేవాళ్లు డాక్టర్నడగకుండా ఆ ఉప్పు వాడకూడదు. అల్డోస్టిరోన్ పొటాషియాన్ని బయటికి పంపుతుంది. అల్డోస్టిరోన్‌ను మందుతో అడ్డుకుంటే పొటాషియం లోపలే పేరుకుని గుండె లయ తప్పొచ్చు.

ఇప్పుడు పరీక్షల దశలో ఉన్న జైల్బీసిరాన్ అనే ఇంజెక్షన్ గొలుసు మొదటి కొసనే పట్టుకుంటుంది. లివర్‌లో, రెనిన్ కత్తిరించే ఆ తొలి ప్రొటీన్‌నే తయారుకానివ్వదు. ఒక్కసారి వేస్తే ఆరు నెలల దాకా బీపీ దిగి ఉంటోంది. రోజూ మాత్ర మరిచిపోయేవాళ్లకు వరమే. అయితే మే నెల కత్తిరి ఎండల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంటికి ఆ గొలుసు వెంటనే కావాలి. మాత్ర అయితే డాక్టరు ఆ నాలుగు రోజులూ ఆపమంటాడు. ఆరు నెలల ఇంజెక్షన్‌ను అలా ఆపడం కుదరదు. పరిశోధకులు దానికి దారి వెతుకుతున్నారు.