అచ్చుగదిలో అపోహలు – వాస్తవాలు: లినో చెక్కడం నుంచి పుస్తకం కుట్టేదాకా

విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఊరి కళాకేంద్రంలో ఒక అచ్చుగది, పక్కనే పుస్తకాలు కుట్టే బల్ల పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది ప్రెస్సు ధర. ముందు అడగాల్సింది వేరు: వానాకాలంలో గదికి చెమ్మ పడుతుందా, కాగితం ఎక్కడ దాచాలి, ఇంకు గుడ్డలు ఎక్కడ పడేయాలి? తరచూ వినబడే మాటలు కొన్ని తీసుకుని, వాటిలో నిజమెంతో రాస్తున్నాం.

అపోహ: ప్రెస్సు లేనిదే ప్రింట్‌మేకింగ్ లేదు.

ఇది సగం నిజం. ప్రింట్‌మేకింగ్ అంటే చెక్కిన పలకకు ఇంకు పూసి కాగితం మీద అచ్చు తీయడం. రాగి, జింకు రేకుల మీది గీతల్లోంచి ఇంకు లాగాలంటే తడిపిన కాగితం ఆ గీతల్లోకి దిగాలి. అంత ఒత్తిడి చేత్తో రాదు, ప్రెస్సు కావాల్సిందే. లినోకీ (అంటే చెక్కడానికి వీలైన మెత్తటి లినోలియం పలకకీ), చెక్క అచ్చుకీ అలా కాదు. ఇంకు పైతలం మీదే ఉంటుంది కాబట్టి స్టీలు గరిటె వీపు చాలు. కాగితం మాత్రం 60 నుంచి 90 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) లోపు ఉండాలి. 200 జీఎస్ఎం డ్రాయింగ్ షీటు వేసి ఎంత రుద్దినా మచ్చలే మిగులుతాయి. మధ్యలో మొదలుపెట్టి చిన్న చిన్న చుట్లుగా అంచులదాకా రుద్దండి. గరిటెకూ కాగితానికీ మధ్య బటర్ పేపర్ ముక్క పెడితే కాగితం చిరగదు. ఇంకు ఎంత వేయాలో చెవే చెబుతుంది: గాజుపలక మీద రోలర్ తిరిగేటప్పుడు సన్నగా చిటచిటమనాలి. పచపచమందంటే ఎక్కువైనట్టే, సన్న గీతలన్నీ పూడిపోతాయి.

అపోహ: లినోలియం ఫ్లోరింగ్ షాపులో దొరుకుతుంది.

అక్కడ ఆ పేరుతో అమ్మేది చాలావరకు పీవీసీ షీటే. ఉలికి సాగుతుంది, అంచు తెగదు. అసలు లినో అవిసె నూనె, బెరడు పొడి కలిపి జనపనార గుడ్డ మీద పరిచిన సరుకు. వెనక్కి తిప్పితే గోనె నేత కనబడాలి, వాసన చూస్తే నూనె తెలియాలి. చలిదేశాల పుస్తకాల్లో చెక్కేముందు వేడి చేయమని రాస్తారు. మన దగ్గర డిసెంబరు పొద్దుటిపూట తప్ప ఆ అవసరం రాదు.

అపోహ: తెలుగు అక్షరాలు చెక్కాలంటే తిరగేసి రాయడం రావాలి.

అక్కర్లేదు. ట్రేసింగ్ పేపర్ మీద 4బీ పెన్సిల్‌తో మామూలుగానే రాసి, రాసిన వైపు లినో మీద బోర్లించి వెనకనుంచి రుద్దితే అక్షరం దానంతటదే తిరగబడుతుంది. కొందరు జాగ్రత్తకు పోయి, బోర్లించాక వెనకవైపు కనబడే గీతల్ని మళ్లీ ఇంకో కాగితం మీదికి ఎత్తి, దాన్ని బోర్లిస్తారు. అలా రెండుసార్లు తిరగబడి, అచ్చు అద్దంలో చూసినట్టు పడుతుంది.

అసలు చిక్కు చిన్న చిన్న గుర్తులతో వస్తుంది. ఠ లోపలి చుక్క చుట్టూ ఆధారం లేకుండా ఒంటరిగా నిలబడాలి. అది ఊడితే పాఠం కాస్తా పారం అవుతుంది. ధ, భ కింది గీతలూ అంతే, ధనం దనమైపోతుంది. ఇలాంటివి కనీసం ఒక మిల్లీమీటరు మందం ఉంచండి. ఒత్తులున్న అక్షరం మొత్తం ఎత్తు 3 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. అక్షరం లోపలి ఖాళీలు ముందు తీసి, బయటి భాగం తర్వాత తీయాలి. చుట్టూ లినో గట్టిగా ఉన్నప్పుడే లోపలి పని నిలుస్తుంది.

అపోహ: పిల్లలకు మొద్దు ఉలులు ఇస్తే క్షేమం.

మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టినచోటే జారుతుంది. పదును ఉలి ఇవ్వండి, ఖాళీ చెయ్యి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలని నేర్పండి.

అపోహ: కిరసనాయిలు మానేసి వంటనూనెతో తుడుస్తున్నాం కాబట్టి ప్రమాదం లేదు.

నూనె ఇంకును వంటనూనెతో తుడవడం మంచి పద్ధతే. ముందు కత్తితో ఇంకు గీకేసి, రెండు చెంచాల నూనెతో కరిగించి, గుడ్డతో తుడిచి, చివర గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడిగితే సరిపోతుంది. ప్రమాదం గుడ్డల దగ్గర ఉంది. ఇంకులోని అవిసె నూనె ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. ఆ చర్యలో వేడి పుడుతుంది. గుడ్డ విడిగా పరిచి ఉంటే ఆ వేడి గాలికి పోతుంది. ఉండచుట్టి బుట్టలో కుక్కితే లోపలే పెరిగి, అగ్గిపుల్ల గియ్యకుండానే అంటుకుంటుంది. మేనెల మధ్యాహ్నాలు, తాళం వేసిన గది అయితే చెప్పక్కర్లేదు. సన్‌ఫ్లవర్ నూనెకూ కొంత ఆరే గుణం ఉంది, అది రక్షణ కాదు. మూతున్న ఇనప డబ్బాలో నీళ్లు పోసి గుడ్డలు అందులో ముంచండి, లేదా ఆరుబయట తీగ మీద ఒక్కొక్కటిగా ఆరేయండి. ఈ గదిలో మిగతా నియమాలన్నీ సడలించినా ఇది మాత్రం సడలించకూడదు.

అపోహ: ఫ్యాన్ వేస్తే ప్రింట్లు గబగబా ఆరిపోతాయి.

నూనె ఇంకు విషయంలో పెద్ద తేడా రాదు, కారణం పైన చెప్పిందే. పలచగా వేసి క్లిప్పులకు వేలాడదీసి, ముసురు రోజుల్లో వారం ఆగండి. తొందరపడి దొంతర పెడితే ఒకదాని ఇంకు ఇంకోదాని వీపుకు అంటుతుంది. నీటి ఇంకుకు వేసవిలో ఫ్యాన్ శత్రువు. కాగితం మీదికి రాకముందే పలక మీదే ఎండిపోతుంది. అచ్చు వేసేంతసేపు ఫ్యాన్ ఆపండి, ఇంకులో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలపండి.

అపోహ: మైదా జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) తప్పనిసరి.

పాత బైండర్లు పురుగు పట్టకుండా వేసేవారు, అందులో తర్కం ఉంది. కానీ అది విషం, పిల్లలు చేతులు ముంచే గిన్నెలో ఉండకూడదు. పైగా తుత్తంలోని రాగి, కాగితాన్ని మెల్లగా పెళుసెక్కిస్తుంది. 50 గ్రాముల మైదాను 250 మిల్లీలీటర్ల నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తెల్లదనం పోయి నిగనిగలాడేదాకా సన్నమంట మీద తిప్పండి. చల్లారాక గుడ్డలో వడకట్టండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది. పుల్లవాసన వస్తే పారబోయడమే.

అపోహ: ఏ కాగితమైనా ఎలాగైనా మడవచ్చు.

వానల్లో పుస్తకం అలలు తేలిందంటే జిగురును తిట్టుకుంటారు. తప్పు ఎక్కువసార్లు గ్రెయిన్‌ది. మిల్లులో కాగితం తయారయ్యేటప్పుడు నారలు ఒకే దిశలో పడుకుంటాయి, ఆ దిశే గ్రెయిన్. తేమ తగిలితే నార అడ్డంగా ఉబ్బుతుంది, పొడవు దాదాపు పెరగదు. అందుకే గ్రెయిన్ పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే వెన్ను దగ్గర జిగురు పట్టి ఉంచుతుంది, పేజీ మాత్రం సాగాలని చూస్తుంది, అక్కడ ముడతలు పడతాయి. దిశ తెలియాలంటే చదరపు ముక్క కోసి ఒకవైపు తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, గొట్టం పొడవే గ్రెయిన్ దిశ.

మార్కెట్లో ఏ4 రీములకు సాధారణంగా గ్రెయిన్ పొడవు వెంటే ఉంటుంది. వాటిని సగానికి మడిచి కుడితే కచ్చితంగా తప్పు దిశే. మడవకుండా పొడవు అంచున డబ్బనంతో కుట్టే ఖాతా పుస్తకాలకైతే అవే సరిగ్గా సరిపోతాయి. మడతపెట్టి ఫారాలు (కలిపి మడిచిన కాగితాల కట్టలు) కుట్టాలంటే పెద్ద షీట్లు కొని, దిశ గుర్తుపెట్టి కటింగ్ మెషిన్ ఉన్న ప్రెస్సులో కోయించుకోండి. అట్టకూ ఇదే సూత్రం. అట్టకు బయట గుడ్డ అంటించి లోపల కాగితం అంటించకపోతే గుడ్డ వైపు వంగిపోతుంది. బరువు కింద ఒక రాత్రి సరిపోదు, ఆగస్టులో రెండు రోజులు ఉంచి, తడి పీల్చేందుకు పెట్టిన న్యూస్‌ప్రింట్ కాగితాలు మధ్యమధ్యలో మార్చండి.

అపోహ: పొందూరు ఖద్దరు నేరుగా అట్టకు అంటించేయొచ్చు.

అంటుతుంది, కానీ నేతలోంచి జిగురు బయటికి ఊరి మరకలు కడుతుంది. ముందు ఉతికి గంజి వదిలించి, ఇస్త్రీ చేయండి. నున్నటి సన్‌మైకా బల్ల మీద ముఖం కిందికి పెట్టి కొద్దిగా తడిపి సాపు చేయండి. జిగురు గుడ్డకు కాదు, తెల్ల టిష్యూ కాగితానికి రాయాలి. కాగితం గుడ్డకంటే అన్నివైపులా 2 సెంటీమీటర్లు పెద్దదిగా ఉండాలి, ఆ అంచులే గుడ్డను బల్లకు బిగించి పట్టుకుంటాయి. పూర్తిగా ఆరాక బ్లేడుతో కోసి లేపండి.

అపోహ: ఎచింగ్ అంటే నైట్రిక్ యాసిడే.

ఎచింగ్ అంటే రేకు మీది గీతల్ని మందుతో కొరికించి లోతు చేయడం. జింకు రేకుకు మైలుతుత్తం, ఉప్పు చెరి 75 గ్రాముల చొప్పున లీటరు నీళ్లలో కరిగిస్తే చాలు. ఉద్దానంలో కొబ్బరి రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా వాడే అదే తుత్తం, పురుగుమందుల షాపులో దొరుకుతుంది. ప్లాస్టిక్ ట్రే వాడండి, ఇనుమును అది తినేస్తుంది. గీతల్లో చేరే ఎర్రటి రాగి మడ్డిని మెత్తటి కుంచెతో తోస్తూ ఉండాలి, లేకపోతే కోత ఆగిపోతుంది. గాలి ఆడే వరండాలో, చేతికి గ్లౌజులతోనే ఈ పని. నీలం రంగు పాలిపోతే మందు అయిపోయినట్టు. దాన్ని కాలువలో పోయకండి. పొంగు ఆగేదాకా చాకలి సోడా కలిపి, ఒక రాత్రి ఉంచితే మడ్డి అడుగుకు దిగుతుంది. ఆ మడ్డిని మూతున్న డబ్బాలో విడిగా ఉంచి, పేరు రాసి పిల్లలకు అందని అరలో పెట్టండి.