షాన్ డైచ్ ఆట ఎక్కడ పుట్టింది?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ మేనేజర్ షాన్ డైచ్ పేరెత్తితే చాలామంది నోట ఒకటే మాట: పాతకాలపు ఆట. 4-4-2 (నలుగురు డిఫెండర్లు, నలుగురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు స్ట్రైకర్లు), ఎత్తుగా వేసే బంతులు, గోల్ ముందు గోడలా నిలబడే డిఫెన్స్. అది సగం నిజమే. ఆ ఆట ఏ మట్టిలో పుట్టిందో చూస్తే కానీ మిగతా సగం బోధపడదు.

1971లో కెటరింగ్‌లో పుట్టిన డైచ్, బ్రయాన్ క్లఫ్ మేనేజర్‌గా ఉన్న రోజుల్లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ క్లబ్‌లో కుర్ర ఆటగాడిగా చేరాడు. మొదటి జట్టులో ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. 1990లో చెస్టర్‌ఫీల్డ్‌కి వెళ్లిపోయాడు. మెలి తిరిగిన చర్చి శిఖరంతో పేరుపడ్డ ఊరది. అక్కడ సెంటర్ డిఫెండర్‌గా ఏడేళ్లు కింది డివిజన్లలోనే ఆడాడు, కెప్టెన్ అయ్యాడు.

ఎఫ్ఏ కప్ అంటే పెద్దాచిన్నా క్లబ్బులన్నీ తలపడే నాకౌట్ పోటీ. 1997లో ఆ కప్‌లో మూడో అంచె లీగ్ జట్టయిన చెస్టర్‌ఫీల్డ్ ఏకంగా సెమీఫైనల్‌కి చేరింది. దారిలో ఓడించిన జట్లలో ఫారెస్ట్ కూడా ఉంది. ఏప్రిల్ 13న ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, అన్నిటికన్నా పై అంచె అయిన ప్రీమియర్ లీగ్ జట్టు మిడిల్స్‌బ్రోతో మ్యాచ్. ఆండీ మోరిస్ గోల్‌తో ఆధిక్యం వచ్చింది. కాసేపటికి డైచ్ పెనాల్టీ కొట్టి 2-0 చేశాడు. మిడిల్స్‌బ్రో ఆటగాడు రావనెల్లి ఒకటి తగ్గించాక జాన్ హోవర్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్ అడుగుకి తగిలి, గీత దాటి కిందపడి, బయటికొచ్చింది. రిఫరీ డేవిడ్ ఎల్లరే గోల్ ఇవ్వలేదు. ఇప్పుడు చూసినా ప్రాణం ఉసూరుమంటుంది. మిడిల్స్‌బ్రో మరో రెండు కొట్టి ముందుకెళ్లింది. ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో జేమీ హ్యూయిట్ తలతో కొట్టి 3-3 చేసినా, మళ్లీ ఆడించిన మ్యాచ్‌లో (రీప్లే) చెస్టర్‌ఫీల్డ్ 3-0తో ఓడింది.

తర్వాత బ్రిస్టల్ సిటీ, మిల్‌వాల్, వాట్‌ఫర్డ్, నార్తాంప్టన్. వాట్‌ఫర్డ్‌లోనే కోచింగ్ మొదలుపెట్టి 2011లో మేనేజరయ్యాడు. జట్టు రెండో అంచె లీగ్ అయిన ఛాంపియన్‌షిప్‌లో 11వ స్థానంలో నిలిచింది. అయినా 2012లో కొత్త యజమానులు వస్తూనే తప్పించారు.

అదే ఏడాది అక్టోబరులో బర్న్‌లీ పిలిచింది. చిన్న ఊరు, చిన్న ఖజానా. 2013 వేసవిలో ముఖ్య స్ట్రైకర్ చార్లీ ఆస్టిన్‌ని అమ్మేశారు. గోల్‌కీపర్ టామ్ హీటన్, మిడ్‌ఫీల్డర్లు డేవిడ్ జోన్స్, స్కాట్ ఆర్‌ఫీల్డ్ పైసా ఖర్చు లేకుండా వచ్చినవాళ్లే. ఆ జట్టుతోనే 2014లో ప్రీమియర్ లీగ్‌కి ఎక్కాడు. ఏడాదికే కిందికి జారినా క్లబ్ అతన్ని వదులుకోలేదు. 2016లో ఛాంపియన్‌షిప్ గెలిచి మళ్లీ పైకొచ్చారు.

2017-18 సీజన్ లెక్క చూడండి: 38 మ్యాచ్‌ల్లో కొట్టినవి 36 గోల్స్, ఇచ్చినవి 39. స్థానం మాత్రం ఏడు. 51 ఏళ్ల తర్వాత బర్న్‌లీకి యూరప్ పోటీల్లో చోటు దొరికింది. ఊళ్లో ఒక పబ్ తన పేరునే ‘రాయల్ డైచ్’ అని మార్చుకుంది. డబ్బున్న జట్లతో అందంలో పోటీపడితే ఈ ఏడో స్థానం వచ్చేది కాదు. పెద్ద జట్టు ఎదురైతే చిన్న జట్టు ఎలా నిలబడాలో చెస్టర్‌ఫీల్డ్ డిఫెన్స్‌లో నిలబడి నేర్చుకున్నవాడు డైచ్.

2022 ఏప్రిల్‌లో, ఎనిమిది మ్యాచ్‌లుండగా బర్న్‌లీ అతన్ని తీసేసింది. అయినా జట్టు కిందికి జారకుండా ఆగలేదు. 2023 జనవరిలో ఎవర్టన్‌కి వెళ్లి ఆఖరి రోజు గెలుపుతో ఆ జట్టుని ప్రీమియర్ లీగ్‌లో నిలబెట్టాడు. ఆర్థిక నిబంధనలు మీరినందుకు మరుసటి సీజన్‌లో ఎవర్టన్‌కి మొత్తం 8 పాయింట్లు కోతపడ్డా 15వ స్థానంలో ముగించాడు.

2025 జనవరి 9న, ఎఫ్ఏ కప్ మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు, ఎవర్టన్ కూడా తప్పించింది. ఆ రాత్రి ప్రత్యర్థి పీటర్‌బరో, మూడో అంచె జట్టు.