కవర్ మీది పెన్సిల్ గీతను చెరపకండి: పాత సూపర్‌హీరో కామిక్స్‌పై అపోహలు - వాస్తవాలు

పాత సూపర్‌హీరో కామిక్స్ పుట్టుపూర్వోత్తరాలు వెతికిపెట్టడం నా పని. ఎనభై ఏళ్ల కిందట అమెరికాలో పది సెంట్లకు అమ్మిన పుస్తకాన్ని మొదట ఎవరు కొన్నారు, ఎక్కడ దాచారు, తర్వాత ఎవరెవరి చేతులు మారింది, ఇప్పుడు అమ్మేవాళ్లు చెప్పే కథకూ చేతిలో ఉన్న కాగితానికీ పొంతన కుదురుతుందా అని చూస్తాను. చాలాసార్లు కుదరదు. వాళ్లు కావాలని అబద్ధం చెబుతున్నారని కాదు, విన్నమాటనే మళ్లీ చెబుతుంటారు. అలా నా చెవిన తరచూ పడేవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: పెడిగ్రీ అంటే పేరున్న కలెక్టర్ దగ్గరి నుంచి వచ్చిన పుస్తకం

వాస్తవం: పెడిగ్రీ అంటే పుస్తకం వచ్చిన కలెక్షన్‌కు దక్కే ప్రత్యేక గుర్తింపు. దానికి యజమాని పేరుతో పని లేదు. సినిమా నటుడు దాచుకున్నంత మాత్రాన పుస్తకానికి పెడిగ్రీ రాదు. పుస్తకాలు వచ్చిన రోజుల్లోనే వాటిని కొత్తవిగా కొని దాచిన మొదటి యజమాని ఉండాలి. అవి పెద్ద సంఖ్యలో ఉండాలి. వయసు చూస్తే నమ్మలేనంత మంచి స్థితిలో ఉండాలి. అన్నీ ఒకేచోటి నుంచి బయటపడ్డాయని తెలియాలి. తర్వాతెప్పుడో డీలర్ల దగ్గర ఏరి ఏరి పోగేసింది ఎంత గొప్ప కలెక్షనైనా ఈ లెక్కలోకి రాదు.

అందరూ మొదట చెప్పే పేరు ఎడ్గార్ చర్చ్. కొలరాడోలో ఉండేవాడు, ప్రకటనలకు బొమ్మలు వేసేవాడు. 1930ల చివరి నుంచి ఏళ్ల తరబడి కామిక్స్ కొని ఇంట్లో ఎత్తయిన దొంతరలుగా పేర్చుకున్నాడు. 1977లో చక్ రొజాన్‌స్కీ అనే కుర్ర వ్యాపారి వాటిని కొన్నాడు. మొత్తం 18 వేలకు పైనే. ఆయన దుకాణం మైల్ హై కామిక్స్ కావడంతో వాటికి ఆ పేరు కూడా స్థిరపడింది. కొలరాడో గాలి పొడిగా, చల్లగా ఉంటుంది. దొంతర బరువుకు పుస్తకాలు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉండటంతో లోపలికి గాలీ వెలుతురూ చేరలేదు. అందుకే ఆ కాగితం ఇప్పటికీ తెల్లగా ఉంటుంది, కవర్ల మీది రంగులు నిన్న అచ్చేసినట్టు మెరుస్తాయి. ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు.

శాన్‌ఫ్రాన్సిస్కో పెడిగ్రీ వెనక రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో చేరి తిరిగిరాని కొడుకు ఉన్నాడు. తల్లిదండ్రులు అతని పుస్తకాలు అలాగే ఉంచేశారు. 2021లో వేలానికి వచ్చిన ప్రామిస్ కలెక్షన్ కూడా ఇలాంటిదే. కొరియా యుద్ధంలో చనిపోయిన అన్న కామిక్స్‌ను మాట ప్రకారం తమ్ముడు జీవితాంతం కాపాడాడు. అవి దాదాపు 5 వేలు.

ఇలాంటి నిజమైన కథలు ఉన్నాయి కాబట్టే వీటికి నకళ్లు పుడతాయి. యుద్ధానికి వెళ్లిన కొడుకు కథ చెబితే ధర పెరుగుతుందని అమ్మేవాళ్లకు బాగా తెలుసు. అంతా విన్నాక నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ కథ నిజమైతే పుస్తకం మీద ఏం కనిపించాలి? కుర్రాడు 1942లో పడవెక్కి వెళ్లిపోతే ఆ దొంతరలో 1944 సంచికలు ఎవరు కొన్నట్టు? దానికి సమాధానం ఉండొచ్చు, చెల్లెలు కొనిపెట్టి ఉండొచ్చు. కానీ ఎవరో ఒకరు ఆ సమాధానం చెప్పాలి కదా.

అపోహ: కవర్ మీద పెన్నో పెన్సిలో తగిలిందంటే పుస్తకం పాడైనట్టే

వాస్తవం: ఈ మాట నమ్మి నేనే ఒక తప్పు చేశాను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక 1940ల పుస్తకం కవర్ మూల మీద చిన్న పెన్సిల్ గుర్తు ఉంటే, శుభ్రం చేస్తున్నాననుకుని మెత్తటి రబ్బరుతో తుడిచేశాను. ఏడాది తిరిగాక అదే చేతిరాతతో, అదే మూలలో గుర్తున్న పుస్తకాలు ఇంకో నాలుగు కంటపడ్డాయి. నాలుగూ ఒకే ఇంటివి. నా దగ్గరున్నది ఐదోదని నాకు తెలుసు, రుజువు చేయడానికి మాత్రం ఏమీ మిగల్లేదు.

అప్పట్లో పత్రికల స్టాండ్ నడిపేవాళ్లు సరుకు ఏ రోజు వచ్చిందో కవర్ మీద పెన్సిల్‌తో రాసేవారు, లేదా రబ్బరు స్టాంపు వేసేవారు. అమ్ముడుపోనివి వెనక్కి పంపడానికి ఆ తేదీ కావాలి. పుస్తకం మొత్తం పంపడం దండగ కాబట్టి కవర్ పైభాగం చింపి పంపితే చాలనే పద్ధతీ ఉండేది. పైన మూడో వంతు కవర్ లేని పాత ప్రతులు ఎక్కడివని అడుగుతుంటారు, చాలావరకు ఇలా వచ్చినవే. ఒక అంకె ఏడును అడ్డగీతతో రాసే అలవాటు, స్టాంపులో విరిగిన అక్షరం, ఎప్పుడూ కుడి పక్కనే రాసే పద్ధతి, ఇలాంటివే ఒక దుకాణాన్ని పట్టిస్తాయి. దుకాణం దొరికితే ఊరు దొరుకుతుంది.

లార్సన్ పెడిగ్రీ సంగతి చూడండి. నెబ్రాస్కాలోని ఒక చిన్న ఊళ్లో లామాంట్ లార్సన్ అనే పిల్లాడి కోసం మందుల దుకాణం వాళ్లు పుస్తకాలు పక్కన పెట్టేవారు. వేరేవాళ్లకు అమ్మకుండా కవర్ మీద అతని పేరు పెన్సిల్‌తో రాసేవారు. ఎన్నో ఏళ్లపాటు కలెక్టర్లకు తెలిసింది ఆ పేరొక్కటే. ఈ లార్సన్ ఎవరో తేల్చాలని ఒక కలెక్టర్ పట్టుబట్టి వెతికి చివరికి ఆ మనిషినే పట్టుకున్నాడు. నా దృష్టిలో ఈ రంగంలో జరిగిన అందమైన పని అదే. ఇప్పుడు ఆ పేరున్న పుస్తకానికి అదే రకం పేరులేని పుస్తకం కన్నా గిరాకీ ఎక్కువ.

ఇంకా పెద్ద ఉదాహరణ 1939 నాటి ‘మార్వెల్ కామిక్స్’ 1వ సంచిక. ఏ బొమ్మల కథకు ఎవరికి ఎంత చెల్లించారో చేత్తో రాసిపెట్టుకున్న ప్రతి ఒకటి ఉంది, దాన్ని పే కాపీ అంటారు. 2022లో అది 24 లక్షల డాలర్లకు పైగా పలికింది. రాతలు లేని పుస్తకం అయ్యుంటే అది చక్కటి ప్రతి మాత్రమే. రాతల వల్ల చెల్లింపుల చిట్టాపద్దు అయింది.

అలాగని ప్రతి గీతా బంగారం కాదు. పిల్లాడు సూపర్‌మ్యాన్‌కు మీసాలు పెడితే అది మీసాలే.

అపోహ: కవర్ మీద ఉన్న నెలలోనే పుస్తకం అమ్మకానికి వచ్చింది

వాస్తవం: సాధారణంగా ఒకటి రెండు నెలల ముందే వచ్చేది. స్టాండ్ మీద ఎక్కువ రోజులు కొత్తదిగా కనిపించాలని పబ్లిషర్లు నెల ముందుకు వేసుకునేవారు. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ 1వ సంచిక కవర్ మీద జూన్ 1938 అని ఉంటుంది, స్టాండ్ల మీదికి వచ్చింది ఏప్రిల్‌లో. కాబట్టి జూన్ పుస్తకం మీద ఏప్రిల్ స్టాంపు చూసి నకిలీ అని కంగారు పడక్కర్లేదు. ఆగస్టు స్టాంపు ఉంటేనే ఆగి ఆలోచించాలి. అది సెకండ్ హ్యాండ్ దుకాణం స్టాంపు కావచ్చు, అలాగైతే మొదటి యజమాని దగ్గరే ఉండిపోయిందన్న కథ నిలవదు. అసలు తేదీ సరిచూసుకోవడానికి అమెరికా కాపీరైట్ నమోదు జాబితాలు బాగా పనికొస్తాయి. వాటిలో పుస్తకం ప్రచురించిన రోజు ఉంటుంది. చదవడానికి విసుగే, కానీ నాకు ఇంతకన్నా నమ్మకమైన తోడు లేదు.

ఇందాకటి ‘మార్వెల్ కామిక్స్’ 1 ప్రతులు చాలావాటిలో అక్టోబర్ మీద నల్లగా కొట్టేసి నవంబర్ అని అచ్చేసి ఉంటుంది. అది ఎవరో పూసిన సిరా కాదు, అచ్చులోనే అలా వచ్చింది.

అపోహ: గ్రేడింగ్ చేసి ప్లాస్టిక్ కేసులో పెట్టాక ఇక సందేహం అక్కర్లేదు

వాస్తవం: గ్రేడింగ్ సంస్థ చెప్పేది పుస్తకం స్థితి, అసలుదా కాదా, రిపేర్ చేశారా లేదా అన్నంత వరకే. అమ్మేవాళ్లకు అమ్మే హక్కు ఉందా అన్నది దాని పరిధిలో లేదు. 2000లో హాలీవుడ్ నటుడు నికొలస్ కేజ్ ఇంటి నుంచి ‘యాక్షన్ కామిక్స్’ 1ని ఎవరో ఎత్తుకెళ్లారు. 2011లో అది కాలిఫోర్నియాలోని ఒక స్టోరేజ్ లాకర్‌లో దొరికింది, అదే ఏడాది 21.6 లక్షల డాలర్లకు అమ్ముడైంది. మధ్యలోని పదకొండేళ్లు దాని చరిత్రలో పెద్ద గొయ్యి. ఇలా పోయిన పుస్తకానికి ఇన్సూరెన్స్ డబ్బు చెల్లించి ఉంటే, దొరికాక అది ఎవరిదన్న ప్రశ్న వేరే వస్తుంది. చెల్లింపు కాగితాలు చూడకుండా నేను అలాంటి పుస్తకాల జోలికి వెళ్లను.

కేసులే అంతా అనుకోకూడదనడానికి ఇంకో కారణం కూడా ఉంది. కేసు తెరిచి లోపలి పుస్తకం మార్చేసి మళ్లీ మూసిన మోసాలు 2023 చివర్లో బయటపడ్డాయి. లేబుల్ ఒక పుస్తకానిది, లోపల ఉన్నది ఇంకోటి.

మరి ఒక ప్రతిని ఎలా గుర్తుపట్టాలి? పాత ఫోటోతో పోల్చి. వేలం సంస్థ సదబీస్ 1991లో కామిక్స్ వేలాలు మొదలుపెట్టింది, అప్పటి క్యాటలాగుల్లోని బొమ్మలు నాకు రోజూ పనికొస్తాయి. అయితే కొత్తవాళ్లు ముందు మడతల్ని పోలుస్తారు. అది పొరపాటు. ఈ రోజుల్లో పుస్తకాన్ని వేడితో ప్రెస్ చేసి మడతలు చదును చేస్తున్నారు, ఆ పని జరిగాక పాత ఫోటోలోని మడత కనిపించదు. నేను మారనివాటిని చూస్తాను: పిన్నులు ఎంత ఎత్తున పడ్డాయి, కవర్ వెన్ను దగ్గర ఎంత పక్కకు తిరిగింది, కత్తిరింపు ఎటు వంకరపోయింది, ఎక్కడ సిరా చుక్క పడింది. అచ్చాఫీసు హడావిడిలో చేసిన పొరపాట్లు ఇవి. ఏ రెండు ప్రతుల్లోనూ అన్నీ కలిసి ఒకేలా పడవు.

ఇంకో సంగతి. గ్రేడింగ్ సంస్థల లెక్కల్లో ఒక సంచికకు ఫలానా స్థితిలో ఇన్ని ప్రతులున్నాయని ఉంటుంది. ఎక్కువ గ్రేడ్ వస్తుందన్న ఆశతో కేసు పగలగొట్టి మళ్లీ పంపేవాళ్లు పాత లేబుల్ తిప్పి పంపకపోతే, ఒకే పుస్తకం రెండుసార్లు లెక్కలోకి ఎక్కుతుంది.

అపోహ: చిరిగినదాన్ని బాగుచేయించి అమ్మితే ఎక్కువ వస్తుంది

వాస్తవం: ఎక్కువసార్లు తగ్గుతుంది. పోయిన చోట రంగు అద్దడం, ఊడిన ముక్క అతికించడం, అంచులు కత్తిరించి నిటారుగా చేయడం, ఇవన్నీ రిస్టోరేషన్ కింద లేబుల్ మీదికి ఎక్కుతాయి, ధర పడిపోతుంది. కత్తిరింపు మరీ దారుణం, తీసేసిన కాగితం మళ్లీ రాదు. పట్టుకోవడం కూడా కష్టమేం కాదు. అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే కొత్తగా అద్దిన రంగు పక్కనున్న పాత సిరాలా కనిపించదు. తర్వాతి కాలపు కాగితాల్లో తెల్లదనం కోసం కలిపిన రసాయనాలు నీలంగా వెలుగుతాయి. 1940 నాటి పుస్తకంలో అలా వెలిగే ముక్క ఉందంటే అది బయటి నుంచి వచ్చిందే. సెల్లోటేపు గురించి వేరే చెప్పను, తలచుకుంటేనే టెన్షన్.

చిరుగు చిరుగుగానే ఉండనివ్వండి. మినెసోటాలో ఒక పాత ఇల్లు బాగుచేస్తుంటే గోడలో కూరిన న్యూస్‌పేపర్ల మధ్య ‘యాక్షన్ కామిక్స్’ 1 దొరికింది. బంధువుల మధ్య పెనుగులాటలో వెనక అట్ట చిరిగింది. చిరుగుతోనే 2013లో 1,75,000 డాలర్లు పలికింది.

అపోహ: పాతదైతే చాలు, డబ్బే డబ్బు

వాస్తవం: ఎన్ని మిగిలాయన్నదే లెక్క. 1991లో వచ్చిన ‘ఎక్స్-మెన్’ 1వ సంచిక 80 లక్షలకు పైగా అచ్చయింది, కొన్నవాళ్లంతా భద్రంగా కవర్లలో దాచారు. 1940ల పుస్తకాలను చాలామంది దాచలేదు, యుద్ధకాలంలో చిత్తుకాగితాల సేకరణకు ఇచ్చేశారు.

అపోహ: అటక మీద నిధి దొరకడం పాత కాలం మాట

వాస్తవం: 2024లో ఉత్తర కాలిఫోర్నియాలో ముగ్గురు అన్నదమ్ములు చనిపోయిన తల్లి ఇల్లు ఖాళీ చేస్తుంటే, అటక మీద అట్టపెట్టెలో పాత న్యూస్‌పేపర్ల కింద 1939 నాటి ‘సూపర్‌మ్యాన్’ 1వ సంచిక దొరికింది. తన దగ్గర విలువైన కామిక్స్ ఉన్నాయని ఆవిడ ఎప్పుడూ అంటుండేదట, చూపించింది లేదు. 2025 నవంబర్‌లో అది 91.2 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

అయితే నాకు వచ్చే పది అటక ఫోన్లలో ఎక్కువ భాగం 1974 నాటి పునర్ముద్రణ గురించే. ఆ ఏడాది ‘యాక్షన్ కామిక్స్’ 1ని పెద్ద సైజులో మళ్లీ అచ్చేశారు. పైన ఇంకో అట్ట ఉంటుంది, దాని మీద పునర్ముద్రణ అని రాసి ఉంటుంది. ఆ అట్ట తీసేస్తే లోపలి కవర్ అచ్చం అసలుదానిలాగే ఉంటుంది. టేపుతో కొలిస్తే తేలిపోతుంది: అసలుది దాదాపు పదింపావు అంగుళాల పొడవు, పునర్ముద్రణ పదమూడున్నర.

కొలత సరిపోయిందనుకోండి, వెంటనే సర్దడం మొదలుపెట్టకండి. దొంతర ఏ వరసలో ఉందో అదే వరసలో ఫోటోలు తీయండి. ఆ ఇంట్లో ఎవరు ఏ ఏళ్లలో ఉన్నారో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి, వాళ్లు ఉన్నప్పుడే. పైన కప్పిన న్యూస్‌పేపర్లు చెత్తలో వేయకండి, వాటి మీద తేదీలు ఉంటాయి.