విశాఖ ఉప్పుగాలిలో పేదవాడి స్లాబు

పెద జాలారిపేట నుంచి అప్పికొండ దాకా తీరం వెంబడి ఏ పాత కాలనీలోనైనా తలెత్తి సన్‌షేడ్లు చూడండి. అడుగున సిమెంటు పెచ్చులు రాలి ఎర్రటి చువ్వలు బయటపడి ఉంటాయి. గోడ బాగానే ఉంటుంది, పునాదీ కదలదు. ఈ ఊళ్లో చిన్న ఇల్లు పైనుంచే పాడవుతుంది. పేదల ఇళ్ల గురించి మాట్లాడితే స్థలం ఎంత, సబ్సిడీ ఎంత అన్న దగ్గరే ఆగిపోతాం. సెంటు పట్టా అంటే 48.4 గజాలు, పట్టణ పేదలకి ప్రభుత్వ సంస్థ టిడ్కో కట్టే ఫ్లాటంటే 300, 365, 430 చదరపు అడుగులు. స్లాబు ఎన్నేళ్లుంటుందని మాత్రం ఎవరూ అడగరు. అప్పు తీరేలోపే అది రాలిపోతే, కూలి డబ్బుల్లోంచి మళ్లీ వేయించుకోవడం ఆ కుటుంబానికి అయ్యే పని కాదు.

కాంక్రీటు గట్టి క్షారం. క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ దానికి 12.5 పైనే ఉంటుంది. ఆ క్షారంలో చువ్వ మీద కంటికి కనిపించనంత పల్చని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. సముద్రపు గాలి తెచ్చే ఉప్పులోని క్లోరైడు, తేమతో కలిసి కాంక్రీటు రంధ్రాల్లోంచి లోపలికి పాకి ఆ పొరకి అక్కడక్కడా చిల్లులు పొడుస్తుంది. అక్కడ తుప్పు మొదలవుతుంది. తుప్పుకి ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు కావాలి. లోపల్నుంచి ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది, పెచ్చు రాలుతుంది. పెచ్చు రాలాక ఉప్పుకి దారి ఇంకా తెరుచుకుంటుంది.

కాబట్టి చువ్వకీ గాలికీ మధ్యనున్న కాంక్రీటు మందమే, మేస్త్రీలు కవర్ అనేదే, ఇంటికి ఆయుష్షు. ఉప్పు లోపలికి చేరే కాలం ఆ మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కవర్ 20 మిల్లీమీటర్ల నుంచి 40కి పెంచితే తుప్పు మొదలయ్యే గడువు రెండింతలు కాదు, దాదాపు నాలుగింతలవుతుంది. ఇంత తక్కువ ఖర్చుకి ఇంత లాభమిచ్చే పని ఇల్లు కట్టడంలో మరొకటి లేదని మా గట్టి నమ్మకం.

మన దేశపు కాంక్రీటు ప్రమాణాల కోడు ఐఎస్ 456 ఉప్పుగాలికి చాటుగా ఉన్న భాగాలకి 30 మిల్లీమీటర్ల కవర్, ఎం25 గ్రేడు కాంక్రీటు (అంకె పెరిగితే బలం పెరిగినట్టు) అడుగుతుంది. నేరుగా సముద్రపు గాలి తగిలే సన్‌షేడు, బాల్కనీ, మెట్లకి 45 మిల్లీమీటర్లు, ఎం30 కావాలి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. నాలుగంగుళాల స్లాబు మందం అలాగే ఉంచి కవర్ ఒక్కటే పెంచితే చువ్వ మధ్యకి జరిగి బలం తగ్గుతుంది. కవర్‌తోపాటు మందమూ పెరగాలి, అది ఇంజనీరు లెక్కకట్టి చెప్పాలి. మూడంగుళాల సన్‌షేడులో అసలు 45 మిల్లీమీటర్లకి చోటే చాలదు. ముందు రాలేది అదే కావడానికి కారణం ఇదే. పైగా సన్‌షేడుకి ప్రధాన చువ్వలు పైభాగాన ఉండాలి. కాంక్రీటు పోసేటప్పుడు మనుషులు తొక్కి వాటిని కిందికి దించేస్తే సెంట్రింగ్ తీసిన రోజే విరిగిపడొచ్చు. అందుకే పై చువ్వల కింద ఇనుప కుర్చీలు పెట్టాలి.

స్లాబు చువ్వల కింద కవర్ నిలవడానికి కవర్ బ్లాకులు, అంటే చిన్న కాంక్రీటు దిమ్మెలు, దగ్గరదగ్గరగా పెట్టాలి. పిక్కరాళ్లు, టైలు ముక్కలు పెడితే చువ్వ మీద కాలు పడగానే జారిపోతాయి. బ్లాకులు స్లాబు కాంక్రీటంత గట్టిగా ఉండాలి, బైండింగ్ వైరుతో కట్టాలి.

తర్వాత నీళ్లు. ఎం30కి నీరు సిమెంటు బరువులో 0.45 వంతు మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకి 22.5 లీటర్లు, తడి ఇసుకలోని నీటితో కలిపి. కాంక్రీటు జారుడుగా ఉండాలని బస్తాకి పది లీటర్ల బకెట్ ఒకటి అదనంగా పోస్తే ఆ నిష్పత్తి 0.65కి చేరుతుంది. ఆ నీరు ఆరిపోయిన చోట మిగిలే సూక్ష్మ రంధ్రాలే ఉప్పుకి దారులు. జారుడు కావాలంటే నీరు పెంచకుండానే జారుడునిచ్చే రసాయనం, ప్లాస్టిసైజర్ కలపాలి, వైబ్రేటర్ పెట్టాలి. తీరం దగ్గరి బోరు నీటిని ముందే పరీక్ష చేయించాలి. చువ్వలున్న కాంక్రీటుకి వాడే నీటిలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే బయటి గాలి కోసం ఆగనక్కర్లేదు, ఉప్పును మనమే లోపల పోసినట్టు.

ఈ ఊరికి ఒక వరం ఉంది. ఉక్కు ఫ్యాక్టరీ కొలిమిలో మిగిలే చిట్టెం, అంటే స్లాగును కలిపి చేసే స్లాగ్ సిమెంటు రంధ్రాలను సన్నబరిచి క్లోరైడును కొంత తనలోనే కట్టిపడేస్తుంది. తీరానికి ఇదే సరైన సిమెంటు. కాకపోతే బలం నెమ్మదిగా వస్తుంది. స్లాబు మీద మడులు కట్టి కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు నీళ్లు నిలపాలి. మామూలు సిమెంటుకి 4.5 మీటర్ల లోపు స్లాబుల కింద కర్రలు 7 రోజులకి తీయొచ్చని కోడు చెబుతుంది. స్లాగ్ సిమెంటు స్లాబుకి ఇంకో వారం ఉంచడం మంచిది.

టిడ్కో అపార్ట్‌మెంట్లలోని షియర్‌వాల్ గోడలో (ఇటుక లేకుండా మొత్తం కాంక్రీటుతో పోసే గోడ) చువ్వల జాలీ మధ్యలో ఉంటే కవర్ దానంతటదే సమకూరుతుంది. జాలీ పక్కకి ఒరిగినా, గోడ అడుగున కాంక్రీటు సరిగా దిగక తేనెతుట్టెలా గుల్ల మిగిలినా ఆ లాభం పోతుంది. గోడ పోసిన అచ్చు (ఫారం) విప్పిన రోజే గోడ అడుగు భాగం చూసి గుల్లలను గ్రౌట్‌తో నింపాలి.

ఇప్పటికే పెచ్చులూడిన ఇంటికి పైపైన సిమెంటు పూసి సున్నం కొట్టడం డబ్బు దండగ. మరమ్మతు చేసిన చోటు చుట్టూ తుప్పు ఇంకా జోరుగా పుడుతుంది. చువ్వ వెనక 20 మిల్లీమీటర్ల దాకా చెక్కి, లోహం మెరిసేదాకా వైరుబ్రష్‌తో రుద్ది, జింక్ ప్రైమర్ వేసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి. తుప్పు రుద్దేశాక, ప్రైమర్ వేయకముందే చువ్వ మందం కొలవండి. 8 మిల్లీమీటర్ల చువ్వ 7కి అరిగిందంటే దాని ఇనుము 23 శాతం పోయినట్టు. అప్పుడు పక్కన కొత్త చువ్వ జత చేయాలి. అది మేస్త్రీ అంచనాతో తేలే పని కాదు, ఇంజనీరు చూడాలి.