రక్తపరీక్షలో మతిమరుపు కనిపిస్తుందా? అపోహలు - వాస్తవాలు

పోయిన నెల ఒకామె తన తల్లిని మా మెమరీ క్లినిక్‌కి తీసుకొచ్చింది. తల్లిని బయట కూర్చోబెట్టి, తనొక్కతే లోపలికొచ్చి తలుపేసింది. చేతిలో రక్తపరీక్ష రిపోర్టు. "అమ్మకి పాజిటివ్ వచ్చింది మేడమ్. ఇంకెన్నాళ్లు మమ్మల్ని గుర్తుపడుతుంది?" అంటూనే ఏడ్చేసింది. మతిమరుపు ఏమైనా కనిపిస్తోందా అని అడిగితే లేదంది. ఇంటి లెక్కలన్నీ ఇప్పటికీ ఆవిడే చూస్తారట. పెద్దమ్మకి అల్జీమర్స్ వచ్చిందన్న భయంతో, మామూలు చెకప్‌తో పాటు ఈ పరీక్ష కూడా చేయించారు.

నేను న్యూరాలజిస్టుని. సగం రోజు పేషెంట్లతో, సగం రోజు బయోమార్కర్ల పరిశోధనతో గడుస్తుంది. బయోమార్కర్ అంటే మరేం లేదు, శరీరంలో కొలవడానికి వీలైన ఒక ఆనవాలు. రక్తంలో ప్రొటీన్ కావచ్చు, స్కాన్‌లో నీడ కావచ్చు, నడకలో వేగం కావచ్చు. ఆనవాలు చూసి జబ్బు వచ్చేసిందనుకుని కుంగిపోయే కుటుంబాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: పరీక్ష పాజిటివ్ వస్తే అల్జీమర్స్ వచ్చినట్టే.

1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జీమర్, చనిపోయిన తన పేషెంటు మెదడులో రెండు మార్పులు చూసి వివరించాడు. కణాల మధ్య పేరుకున్న మచ్చలు, కణాల లోపల చిక్కుపడిన పోగులు. ఆ మచ్చలు అమైలాయిడ్ అనే ప్రొటీన్‌వనీ, పోగులు టౌ అనే ప్రొటీన్‌వనీ తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది. వాటిని కళ్లారా చూడాలంటే మనిషి పోయాక మెదడు కోసి చూడటం ఒక్కటే దారిగా ఉండేది. ఈ శతాబ్దం మొదట్లో పెట్ స్కాన్‌తో బతికున్న మనిషిలోనే అమైలాయిడ్‌ని చూడగలిగాం. వెన్నునీటి పరీక్షలు వచ్చాయి. ఇప్పుడు పి-టౌ217 అనే టౌ రకాన్ని రక్తంలోనే కొలుస్తున్నాం. ఈ పనిలో ఉన్నదాన్నిగా చెప్తున్నాను, ఇది చాలా పెద్ద ముందడుగు.

అయితే ఆ రక్తపరీక్ష చెప్పేది ఒక్కటే: మెదడులో ఆ ప్రొటీన్లు పేరుకుంటూ ఉండవచ్చని. ఆలోచన, జ్ఞాపకం దెబ్బతిన్నాయా లేదా అన్నది దానికి తెలియదు. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి 2015లో వేసిన లెక్క ప్రకారం, ఏ లోపమూ లేని వాళ్లలో కూడా 50 ఏళ్ల వయసుకి దాదాపు 10 శాతం మందికి, 90 ఏళ్లకి దాదాపు 44 శాతం మందికి మెదడులో అమైలాయిడ్ ఉంటుంది. లక్షణాలు బయటపడటానికి 15, 20 ఏళ్ల ముందే అది పేరుకోవడం మొదలవుతుంది. కొందరిలో ఆ లక్షణాలు వచ్చేలోపే నిండు జీవితం ముగుస్తుంది. అమెరికాలో 678 మంది కేథలిక్ సన్యాసినులు ఒక అధ్యయనంలో చేరి, మరణానంతరం తమ మెదళ్లను పరిశోధనకిచ్చారు. వాళ్లలో కొందరి మెదడు నిండా అల్జీమర్స్ మార్పులున్నా, చివరిదాకా చురుగ్గానే ఉన్నారు. దెబ్బతిన్నా నెట్టుకొచ్చే ఈ శక్తిని మేం కాగ్నిటివ్ రిజర్వ్ అంటాం. అంటే మెదడు దాచుకున్న నిల్వ.

ఇక ఎవరికి పరీక్ష చేశామన్నదాన్ని బట్టి అదే పాజిటివ్‌కి అర్థం మారిపోతుంది. కాగితం మీద లెక్క వేసి చూద్దాం. పదింట తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పే పరీక్ష ఉందనుకోండి. లక్షణాల్లేని 1,000 మందిలో 100 మందికి ఆ మార్పు ఉందనుకుందాం. వాళ్లలో 90 మందికి పాజిటివ్ వస్తుంది. మార్పు లేని 900 మందిలోనూ 90 మందికి పొరపాటున పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన వాళ్లలో సగం మందికి ఆ మార్పే లేదు. అదే పరీక్ష, మతిమరుపుతో క్లినిక్‌కి వచ్చిన 1,000 మందికి చేద్దాం. వాళ్లలో 600 మందికి మార్పు ఉంటే, 540 మందికి నిజమైన పాజిటివ్, 40 మందికి మాత్రమే తప్పుడు పాజిటివ్. పరీక్ష మారలేదు, చేయించుకున్న మనుషులు మారారు. మందులకీ పరీక్షలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2025 మే నెలలో ఇలాంటి రక్తపరీక్షకి మొదటిసారి అనుమతిచ్చినప్పుడు, లక్షణాలుండి, నిపుణుల దగ్గరికి వచ్చిన వాళ్లకే అని చెప్పింది. పైగా కిడ్నీలు సరిగా పని చెయ్యకపోయినా రక్తంలో ఈ టౌ పెరుగుతుంది.

లక్షణాలు లేకుండా ఆనవాలు మాత్రమే ఉన్న మనిషిని ఏమని పిలవాలన్న దాని మీద మా రంగంలోనే గట్టి వాదన నడుస్తోంది. ప్రొటీన్ ఉంటే జబ్బు ఉన్నట్టే, అది మొదటి మెట్టు అని ఒక వర్గం. కాదు, ఆ మనిషికి ముప్పు మాత్రమే ఉంది, జబ్బు లేదు అని ఇంకో వర్గం. పరిశోధనకి మొదటి నిర్వచనం పనికొస్తుందేమో. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడేటప్పుడు నేను రెండో వైపే ఉంటాను. బతికినన్నాళ్లూ రాకపోవచ్చన్న జబ్బు పేరు ఒకరి మీద వేసే హక్కు నాకుందనుకోను.

అపోహ: ఎంఆర్ఐ నార్మల్ వచ్చింది కాబట్టి ఏ సమస్యా లేదు.

ఎంఆర్ఐ ముఖ్యంగా వేరే కారణాలు పట్టుకోవడానికి తీస్తాం. గడ్డ ఉందా, రక్తం గూడుకట్టిందా, చిన్న చిన్న స్ట్రోకులు వచ్చాయా అని. జ్ఞాపకాలకి గుమ్మం లాంటి హిప్పోక్యాంపస్ కుంచించుకుపోవడం కూడా అందులో కనిపిస్తుంది గానీ, మొదటి దశలో మామూలుగానే ఉండొచ్చు. రోజూ వచ్చే దారి తప్పిపోతున్న మనిషికి స్కాన్ నార్మల్ అని చెప్పి పంపేయడం తప్పు. పి-టౌ నెగటివ్ వచ్చినా అంతే. డిమెన్షియా అంటే రోజువారీ పనులు చేసుకోలేనంతగా ఆలోచన, జ్ఞాపకం దెబ్బతినడం; అల్జీమర్స్ అందులో ఒక రకం. రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియా, వేరే ప్రొటీన్ పేరుకోవడం వల్ల వచ్చే లూయీ బాడీ డిమెన్షియా ఆ పరీక్షకి దొరకవు. వయసు పైబడిన వాళ్లలో రెండు మూడు రకాలు కలిసే ఉంటాయి.

అపోహ: మెదడు సంగతి మెదడు పరీక్షలతోనే తెలుస్తుంది.

నాకు బాగా ఇష్టమైన విషయం ఇది. పేషెంటు గుమ్మంలోంచి నా కుర్చీ దాకా నడిచొచ్చే ఆ కొద్ది అడుగులు నేను కళ్లార్పకుండా చూస్తాను.

నడక కాళ్ల పని అనుకుంటాం. కానీ ఎక్కడ అడుగెయ్యాలి, ఎప్పుడు తిరగాలి, ఎదురొచ్చేదాన్ని ఎలా తప్పించుకోవాలి అని ప్రతి అడుగుకీ మెదడు లెక్కలు వేస్తూనే ఉంటుంది. మామూలప్పుడు ఆ శ్రమ బయటికి కనిపించదు. నడుస్తుండగా ఇంకో పని చెప్పండి, అప్పుడు బయటపడుతుంది. మేం 100 నుంచి 7 చొప్పున తీసేస్తూ నడవమంటాం. కొందరి అడుగులు అమాంతం నెమ్మదిస్తాయి, కొందరు ఆగిపోతారు. మాట్లాడించగానే నడక ఆపేసే వృద్ధులు తర్వాతి నెలల్లో పడిపోయే అవకాశం ఎక్కువని 1997లోనే స్వీడన్ పరిశోధకులు చూపించారు. 2013లో న్యూరాలజిస్టు జో వర్గీస్ బృందం ఇంకో అడుగు వేసింది. నడక నెమ్మదించి, దాంతో పాటు 'నాకు మతిమరుపు పెరుగుతోంది' అని మనిషికే అనిపిస్తుంటే, తర్వాత డిమెన్షియా వచ్చే ముప్పు ఎక్కువని చెప్పింది. దీనికి కావలసిన పరికరం ఒక స్టాప్‌వాచ్.

అలాగని మోకాళ్ల నొప్పితో కుంటే ప్రతి మనిషికీ మెదడు జబ్బు అంటగట్టకూడదు. నేను చూసేది మార్పుని. కీళ్లలో కొత్త నొప్పేమీ లేకుండా, ఒకటి రెండేళ్లలో నడక మందగించిందా అని.

చేతి పట్టు కూడా అలాంటి ఆనవాలే. పట్టు తగ్గిన వాళ్లలో మేధోశక్తి క్షీణించడం ఎక్కువని చాలా అధ్యయనాల్లో తేలింది. దీన్ని విని కొందరు రబ్బరు బంతి నొక్కడం మొదలుపెట్టారు. పట్టు అనేది ఒళ్లంతటి కండ, నరాలు, తిండి, గుండె ఎలా ఉన్నాయో చూపించే ముల్లు. గడియారం ముల్లుని చేత్తో తిప్పితే పొద్దు మారదు కదా.

వాసన తెలియకపోవడం పార్కిన్సన్స్‌లోనూ అల్జీమర్స్‌లోనూ చాలా ముందుగా మొదలుకావచ్చు. జలుబు, సైనస్, వైరస్ జ్వరాల వల్ల కూడా పోతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే పట్టుకుని నేనేమీ తేల్చను. కానీ నిద్ర గురించి ఒక ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగుతాను, అదీ భార్యనో భర్తనో: "నిద్రలో కలకి తగ్గట్టు చేతులూ కాళ్లూ విసురుతారా, అరుస్తారా, పక్కనున్న వాళ్లని కొడతారా?" కలల నిద్రలో మెదడు మన కండరాలకి తాళం వేస్తుంది. ఆ తాళం సడలితే ఇలా జరుగుతుంది. పార్కిన్సన్స్, లూయీ బాడీ డిమెన్షియా రావడానికి ఏళ్ల ముందే ఇది కనిపించవచ్చు. ఇళ్లలో దీన్ని పీడకల అని వదిలేస్తారు. దయచేసి డాక్టరుకి చెప్పండి.

అపోహ: 30కి 26 కన్నా తక్కువ వస్తే డిమెన్షియా.

జ్ఞాపకం, ఆలోచన కొలిచే మోకా అనే కాగితం పరీక్షలో 26 గీత అన్నమాట నిజమే. 2005లో ప్రచురించినప్పుడే, 12 ఏళ్లు లేదా అంతకన్నా తక్కువ చదువుకున్న వాళ్లకి ఒక మార్కు కలపాలని అందులో ఉంది. ఆ ఒక్క మార్కు చాలదని నా అనుభవం. బడి మొహం చూడని ఒక పెద్దాయన నా దగ్గర ఘనం బొమ్మ గియ్యలేకపోయాడు. పెన్ను పట్టుకోవడమే ఆయనకి కొత్త. మొత్తం 17 వచ్చింది. కానీ గుర్తుపెట్టుకోమన్న ఐదు మాటలూ ఐదు నిమిషాల తర్వాత అడిగితే చెప్పేశాడు. తన పని తను చేసుకుంటున్నాడు, ఇంట్లో ఎవరికీ ఏ తేడా కనిపించలేదు. దానికి పూర్తి వ్యతిరేకం ఒక లెక్చరర్. 28 వచ్చింది, భార్య మాత్రం "ఈయన మునుపటి మనిషి కాదు" అంది. ఆమె మాటే నిజమైంది. మనిషిని నిన్నటి తనతో పోల్చాలి. ఆ నిన్న ఎలా ఉండేదో ఇంట్లో వాళ్లకే తెలుసు.

అపోహ: పేర్లు గుర్తురావట్లేదంటే ఇది మొదలైనట్టే.

పేరు అప్పటికి రాకపోయినా తర్వాత తడుతుందంటే, అది వయసుతో వచ్చే నెమ్మదితనం. జరిగిన సంగతే మర్చిపోవడం, చెప్పిందే మళ్లీ మళ్లీ అడగడం, అలవాటైన వంట మధ్యలో తర్వాతేం చెయ్యాలో తెలియకపోవడం వేరు. మతిమరుపుకి ఎప్పుడూ మెదడు జబ్బే కారణం కాదు. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్, నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు కూడా మనిషిని అచ్చం అలాగే చేస్తాయి. ఇవన్నీ చూడకుండా పెట్ స్కాన్ దాకా వెళ్లడం నాకు నచ్చదు.

అపోహ: ఏపీఓఈ4 జన్యువు ఉంటే తప్పించుకోలేం.

అల్జీమర్స్‌తో ఈ జన్యువుకి సంబంధం ఉందని 1993 నుంచి తెలుసు. ఒక కాపీ ఉంటే ముప్పు సుమారు మూడింతలు, రెండుంటే ఇంకా చాలా ఎక్కువ. అయినా అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, లేనివాళ్లకి రాదనీ లేదు. జబ్బుని తప్పనిసరిగా తెచ్చిపెట్టే జన్యుమార్పులు వేరే ఉన్నాయి, చాలా అరుదు, చిన్న వయసులోనే బయటపడతాయి.

అపోహ: జ్ఞాపకశక్తి మాత్రలు, ఫోన్‌లో ఆటలు చాలు.

జ్ఞాపకశక్తికని అమ్మే గింకో అనే చెట్టు ఆకుల మందు మీద 3,069 మందితో పెద్ద పరీక్ష జరిగింది. 2008లో ఫలితం వచ్చింది: డిమెన్షియా తగ్గలేదు. ఆటలు ఆడితే ఆ ఆటలో నైపుణ్యం పెరుగుతుంది. అది రోజువారీ జీవితానికి అందుతుందన్న రుజువు బలహీనం.

రుజువు ఉన్నవి చాలా మామూలుగా కనిపిస్తాయి, అందుకే ఎవరూ పట్టించుకోరు. బీపీ పై అంకెని 140 లోపు కాక 120 లోపు ఉంచిన వాళ్లలో డిమెన్షియాకి ముందుండే స్వల్ప లోపం 19 శాతం తగ్గిందని 2019లో స్ప్రింట్ మైండ్ అనే అధ్యయనం చూపించింది. డిమెన్షియా విషయంలో మాత్రం తేడా స్పష్టంగా తేలలేదు. వినికిడి యంత్రాల మీద 2023లో వచ్చిన ఎచీవ్ అధ్యయనంలో మొత్తం మీద లాభం కనిపించలేదు, ముప్పు ఎక్కువున్న వాళ్లలో మాత్రం మూడేళ్లలో క్షీణత 48 శాతం నెమ్మదించింది. చెవి సరిగా వినకపోతే మెదడు మాటలు పోల్చుకోవడానికే శక్తంతా ఖర్చు పెడుతుంది, మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు.

2024లో లాన్సెట్ అనే వైద్యపత్రిక వేసిన నిపుణుల కమిషన్, మార్చుకోదగ్గ 14 కారణాలు కలిపి డిమెన్షియాలో దాదాపు 45 శాతానికి మూలమని చెప్పింది. ఈ అంకెని చాలామంది తప్పుగా చదువుతున్నారు. అది మొత్తం జనాభాకి వేసిన లెక్క. జబ్బు పడిన మీ నాన్న సరిగా నడవలేదనో, మీరు ఆయన్ని సరిగా చూసుకోలేదనో దానికి అర్థం కాదు. అన్నీ సరిగా పాటించిన వాళ్లకీ ఈ జబ్బు వస్తుంది. నా గదిలో కూర్చుని తమని తాము నిందించుకునే పిల్లల్ని చూసి నాకు కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: చికిత్సే లేనప్పుడు పరీక్ష దేనికి?

లక్షణాలున్న వాళ్లకైతే పరీక్ష కావాలి. లెకానెమాబ్ లాంటి మందులు మొదటి దశలో ఇస్తారు. 18 నెలల్లో క్షీణత వేగం 27 శాతం తగ్గింది. ఆపలేదు, వెనక్కి తిప్పలేదు. మెదడులో వాపు, రక్తస్రావం వచ్చే ప్రమాదమూ ఉంది. ఆ మందు మొదలుపెట్టాలంటే అమైలాయిడ్ ఉందని రుజువు కావాలి. మందు వద్దనుకున్నా, డబ్బు వ్యవహారాలు, డ్రైవింగ్, తనని ఎవరు చూసుకోవాలన్నది మనిషి తన నోటితో తను చెప్పుకోగలిగే కాలం విలువైనది.

ఆ రోజు కూతురు కళ్లు తుడుచుకున్నాక తల్లిని లోపలికి పిలిచాం. చకచకా నడిచొచ్చి కూర్చున్నారు. లెక్కలు అడిగాను, మాటలు గుర్తుపెట్టుకోమన్నాను. దేనికీ తడుముకోలేదు. రెండుసార్లు మాత్రం నా ప్రశ్న మళ్లీ చెప్పమన్నారు, అప్పుడు నా మొహం వైపు కాక పెదాల వైపు చూశారు. బీపీ పై అంకె 156. వినికిడి పరీక్షకి, కిడ్నీ పరీక్షకి రాసిచ్చాను. ఇక లేస్తారనుకుంటే ఆవిడ లేవలేదు.

"ఏమ్మా, ఆ కాగితం నాదేగా? అందులో ఏముందో నాకింతవరకూ ఎవరూ చెప్పలేదు" అన్నారు.

కూతురు నా వైపు చూసింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని, కాస్త గట్టిగా, మొదటి వాక్యం నుంచి ఆవిడకే చదివి వినిపించాను.