టీక్యూఎం ఎందుకు ఫలిస్తుంది: మదింపులో అపోహలు - వాస్తవాలు

తయారీ కర్మాగారాల్లో సంపూర్ణ నాణ్యతా నిర్వహణ, అంటే అందరూ టీక్యూఎం అని పిలిచేది (నాణ్యతను ఒక్క తనిఖీ విభాగానికే వదలక సంస్థలో అందరి బాధ్యతగా చేసే పద్ధతి), ఎంతవరకు ఫలించిందో, ఎందుకు ఫలించిందో మదింపు చేయడం నా వృత్తి. ఈ పనిలో తరచుగా ఎదురయ్యే అపోహలు కొన్ని ఇవి.

అపోహ: శిక్షణ గంటలు, క్వాలిటీ సర్కిళ్ల (తమ పనిలోని నాణ్యతా సమస్యలను కలిసి పరిష్కరించుకునే ఉద్యోగుల చిన్న బృందాల) సంఖ్య పెరిగితే టీక్యూఎం విజయవంతమైనట్టే.

వాస్తవం: లెక్కకు సులువుగా అందేవి ఇవే కాబట్టి నివేదికలు వీటితోనే నిండిపోతుంటాయి. దేశంలో క్వాలిటీ సర్కిళ్లు 1980లో మన రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లోనే మొదలయ్యాయి. అయితే సర్కిల్ ఎన్నిసార్లు సమావేశమైందన్నదానికంటే, అది సూచించిన మార్పు మిషన్ దగ్గర అమలై రిజెక్షన్ (లోపాలవల్ల పక్కన పెట్టే సరుకు) తగ్గిందా అన్నదే అడగవలసిన ప్రశ్న. 1995లో నిర్వహణ శాస్త్ర పరిశోధకుడు థామస్ పావెల్ ప్రచురించిన అధ్యయనం కూడా, శిక్షణ, బెంచ్‌మార్కింగ్ (మేటి సంస్థలతో పోల్చి చూసుకోవడం) వంటి పద్ధతులకంటే యాజమాన్య నిబద్ధత, దాపరికం లేని వాతావరణం, ఉద్యోగులకు నిర్ణయాధికారం అన్నవే సంస్థలకు పోటీలో మేలు చేస్తాయని తేల్చింది. మరి దాపరికం లేకపోవడాన్ని కొలిచేదెలా? నేను ముందుగా కంట్రోల్ చార్టులు, అంటే ఉత్పత్తి కొలతలను ఒక మధ్యగీతకు అటూ ఇటూ వరుసగా గుర్తించే పటాలు, చూస్తాను. మూడు షిఫ్టుల రీడింగులూ మధ్యగీతకు అంటుకుపోయి, ఏ మిషన్‌కైనా ఉండే సహజమైన హెచ్చుతగ్గులు సైతం కనిపించకపోతే, అవి గేజ్‌తో కొలిచినవి కావని, తిట్లకు జడిసి రాసిన అంకెలని అనుమానిస్తాను. అమెరికన్ నాణ్యతా నిపుణుడు డెమింగ్ తన 14 సూత్రాల్లో భయాన్ని పారదోలమనడం ఊరికే కాదు.

అపోహ: క్వాలిటీ మేనేజర్‌తో ప్రశ్నావళి నింపిస్తే సరిపోతుంది.

వాస్తవం: అది తన పనికి తననే మార్కులు వేసుకొమ్మనడం అవుతుంది. అవే ప్రశ్నలను ప్లాంట్ హెడ్‌నూ, సూపర్‌వైజర్‌నూ, ఆపరేటర్‌నూ, వీలైతే విడిభాగాలు సరఫరా చేసే చిన్న యూనిట్ యజమానినీ విడివిడిగా అడగాలి. లోపం కనిపిస్తే లైన్ ఆపే అధికారం ఆపరేటర్‌కు ఉందని పైవారు, లేదని ఆపరేటరు చెప్పినప్పుడు, జవాబుల సగటు తీస్తే మాయమయ్యేది సరిగ్గా మనకు కావలసిన సమాచారమే.

అపోహ: నాణ్యతా నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ ఉంటే టీక్యూఎం ఉన్నట్టే.

వాస్తవం: కాదు. నిర్వహణ వ్యవస్థ ఆ ప్రమాణానికి అనుగుణంగా ఉందని మాత్రమే ఆ సర్టిఫికెట్ చెబుతుంది.

అపోహ: బహుమతులు పొందిన సంస్థలను పరిశీలిస్తే విజయ కారణాలు తెలిసిపోతాయి.

వాస్తవం: నాణ్యతా నిర్వహణకు జపాన్‌లో ఇచ్చే డెమింగ్ ప్రైజ్‌ను 1998లో మన దేశానికి తొలిసారి తెచ్చిన సుందరం-క్లేటన్ బ్రేక్స్ విభాగం వంటి వాటి అనుభవం విలువైనదే. కానీ అవే పద్ధతులు చేపట్టి మధ్యలో వదిలేసిన కర్మాగారాలతో పోల్చి చూడనిదే, అసలు కారణమేదో, అందరిలోనూ ఉండే సాధారణ లక్షణమేదో విడదీయలేము. వదిలేసినచోట వివరాలు రాబట్టడం కష్టం. నా అనుభవంలో మాత్రం ఫైళ్లకంటే అక్కడి పాత సూపర్‌వైజర్లే ఎక్కువ చెప్పారు.